పాత బండ్లలో నేను బిగించిన స్టీరియోలు: మళ్లీ తీసుకురండి, ఉచితంగా సరిచేస్తాను

కావలిలోని మా దుకాణంలో పాత కార్లకు, వ్యాన్లకు స్టీరియోలు బిగించుకున్న వారందరికీ నమస్కారం. ఈ సంక్రాంతికి ముందు రెండేళ్లలో నేను చేసిన వైరింగు కొన్ని బండ్లలో సరిగ్గా లేదు. తప్పు నాదే. డబ్బు తీసుకోకుండా మళ్లీ చేసి ఇస్తాను.

ఉదయగిరి వైపు నుంచి ఒక మాస్టారు తమ మారుతి 800ను మూడోసారి తెచ్చినప్పుడు ఈ సంగతి బయటపడింది. నాలుగు రోజులు ఇంటి ముందు ఉంచితే చాలు, సెల్ఫు అందుకోవడం లేదు. బ్యాటరీ పాతదైందని రెండుసార్లు నేనే చెప్పి పంపాను. ఈసారి ఆయన, "కొత్త బ్యాటరీ వేయించాను నాయనా, అయినా ఇంతే" అన్నారు. ఆ నెమ్మదితనమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తాళం తీసేసి, బ్యాటరీ నెగటివు వైరు విప్పి, మధ్యలో మల్టీమీటరు పెట్టి చూశాను. 300 మిల్లీయాంపియర్లు లాగుతోంది. అలాంటి బండి నిలిపి ఉంచినప్పుడు 50 దాటకూడదు. 35 యాంపియర్ అవర్ల బ్యాటరీ ఆ లెక్కన అయిదు రోజుల్లో ఖాళీ అవుతుంది. సెల్ఫు అంతకు ముందే మొరాయిస్తుంది.

స్టీరియో పసుపు వైరుకు ఎప్పుడూ కరెంటు ఉండాలి, గడియారం, స్టేషన్లు గుర్తుండేందుకు. ఎరుపు వైరుకు మాత్రం తాళం తిప్పితేనే రావాలి. పాత బండిలో తాళం వెనుక ఆ సరైన వైరును వెతకడానికి అరగంట పడుతుంది. ఆ అరగంట మిగుల్చుకోవడానికి రెండింటినీ ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకే కలిపేశాను.

డ్యాష్‌బోర్డు విప్పితే ఇంకా భయపడ్డాను. రోహిణి కార్తె ఎండకు టేపు జిగురు కరిగి, నల్లటి పాకంలా చేతికి అంటుకుంది. టేపు జారిపోయి, మెలితిప్పిన రాగి తీగలు ఇనుప పట్టీకి గోరంత దూరంలో బయటపడి ఉన్నాయి. బ్యాటరీ దగ్గర ఫ్యూజు కూడా లేదు. తగిలి ఉంటే నిప్పు పుట్టేది. ఆ బండిలో ఆయన మనవరాలు రోజూ బడికి వెళ్తుంది.

ఇప్పుడు ప్రతి అతుకుకూ సోల్డరింగు చేసి, వేడికి బిగుసుకునే గొట్టం తొడుగుతున్నాను. పసుపు వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు వేస్తున్నాను. ఎర్తును, అంటే స్టీరియో నెగటివు వైరును, డ్యాష్‌బోర్డు స్క్రూకు కాక, రంగు గీకి శుభ్రం చేసిన బాడీ ఇనుముకు బిగిస్తున్నాను. జువ్వలదిన్నె, తుమ్మలపెంట వైపు బండ్లలో ఉప్పు గాలికి ఆ చోటు తుప్పు పడుతుంది, అందుకే పైన గ్రీజు కూడా పూస్తున్నాను. ఇంజను వేగంతో పాటు స్పీకర్లలో ఈల పెరుగుతోందంటే చాలాసార్లు ఈ ఎర్తే కారణం.

బాగా పాత బండ్లలో స్పీకరు నెగటివు నేరుగా బాడీకి కలిసి ఉంటుంది. నేటి స్టీరియోలు రెండు వైర్ల మీదా కరెంటు నడుపుతాయి, ఒకటి బాడీకి తగిలితే లోపలి యాంప్లిఫయరు కాలిపోవచ్చు. అందుకే అలాంటి వాటికి ప్రతి స్పీకరుకూ కొత్తగా రెండేసి వైర్లు లాగాల్సిందే. ఇది బేరానికి పోయే పని కాదు.

కొత్త బిగింపుకు ఇంతకుముందు 400 రూపాయలు తీసుకునేవాడిని, ఇప్పుడు 900. గంటలో ఇమ్మంటే ఇవ్వలేను, పూట పడుతుంది. లారీ వాళ్లకు ఒక మాట: 24 వోల్టుల లారీలో ఒక్క బ్యాటరీ నుంచి 12 వోల్టులు తీసుకునే బిగింపు ఇక చేయను. ఒకటి నీరసించి, రెండోదానికి ఛార్జింగు ఎక్కువై, రెండూ చెడతాయి. 24ను 12 వోల్టులకు తగ్గించే కన్వర్టరు పెట్టించుకుంటేనే చేస్తాను.

తాళం తీశాక కూడా మీ స్టీరియో మోగుతుంటే, లేదా డ్యాష్‌బోర్డు నుంచి కాలిన వాసన వస్తుంటే, వెంటనే దాన్ని ఆపి రండి. మిగతావారు ఆదివారం ఉదయం 9 గంటల నుంచి రండి, రోజుకు నాలుగు బండ్లే చూడగలను. రసీదు లేకపోయినా పరవాలేదు, నా బిగింపును చూస్తే గుర్తుపడతాను. మాస్టారి కొత్త బ్యాటరీ డబ్బు మొన్ననే ఇచ్చేశాను. నా వైరింగు వల్ల బ్యాటరీ మార్చుకున్నవారు ఇంకెవరైనా ఉంటే కొత్తదాని బిల్లు తీసుకురండి.