టేపు పెట్టాల్సింది ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఎత్తు పెంచిన జీపుల మీద కొరడా అని ఫొటో వేశారు. టేపు పట్టుకుని ఒక సారు, వెనక నవ్వుతూ నలుగురు. చట్టాన్ని కాదనడం లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి రూపు మార్చొద్దు. 2019 సవరణలో ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, 6 నెలల దాకా జైలు అని రాసే ఉంది. ఆ నలుగురిలో ఒక్కరైనా బండి కిందికి వంగారా అన్నదే నా ప్రశ్న.

ఆర్టీసీ డిపోలో ముప్పై ఏండ్లు స్పానర్ పట్టినవాణ్ని. మా మేనల్లుడు లక్నవరం, తాడ్వాయి అడవి దారుల మోజులో తన థార్ జీపును 2 అంగుళాలు లేపించాడు. అడ్జస్టబుల్ కంట్రోల్ ఆర్మ్‌లకు, అంటే యాక్సిల్‌ను బండి చట్రానికి పట్టి ఉంచే, తిప్పి పొడుగు మార్చుకునే కడ్డీలకు, బిల్లు వేరే. వేగం 60 దాటితే వెనక నుంచి గుయ్యిమని మోత, సీటు కింద వణుకు. వీల్ బ్యాలెన్సింగ్ అన్నారు, అలైన్‌మెంట్ అన్నారు, మూడుసార్లు డబ్బులు గుంజారు.

నేనే కిందికి దూరాను. వెనక ఆర్మ్‌కు బోల్టు కన్నం నుంచి కన్నానికి టేపు పెడితే కుడిది ఎడమదానికంటే 6 మిల్లీమీటర్లు పొడుగు! సార్లూ, టేపు పెట్టాల్సింది ఇక్కడ. బండి లేచాక ఆర్మ్‌లు కిందికి వాలి యాక్సిల్‌ను ముందుకు లాగుతాయి, డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల డబ్బా) మూతి వాలు మారిపోతుంది. ఇంజిన్ శక్తిని వెనక్కి మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు రెండు కొసల్లో ఫ్లాంజీలు (బిగింపు పళ్లేలు) సమాంతరమయ్యేదాకా ఆర్మ్‌లు తిప్పి సరిచేయాలి. లేకుంటే షాఫ్ట్ కొసల్లోని కీళ్లు, మేం క్రాసులు అంటాం, అరుస్తాయి. ఇక్కడ డబ్బాలోంచి తీసినవి తీసినట్టే బిగించారు. అదీ జాకీ మీద చక్రాలు వేలాడుతుండగానే. బండి దించగానే ఆర్మ్ కొసల్లోని రబ్బరు బుష్‌లు మెలిపడి చిరిగాయి. ఆర్మ్ పొడుగు కదలకుండా పట్టే చెక్‌నట్ ఒకటైతే చేత్తో తిరిగింది. బుష్ బోల్టును బండి బరువు నేల మీద ఉండగానే బిగించాలని మా డిపోలో టీ తెచ్చే పిల్లగాడికి కూడా తెలుసు.

కొన్నవాడికి జరిమానా, బిగించినవాడికి దండం! కిట్లు బాజాప్తా అమ్ముడవుతుంటే ఏ సారుకూ కనబడవు. సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏండ్లు, అప్పటిదాకా కిందికి తొంగిచూసే నాథుడు లేడు. ఆటోవాడి ఫిట్‌నెస్ ఒక్కరోజు దాటితే మాత్రం చలానా రెడీ.

ఇక మా వీధి సంగతి. పైపులకని తవ్విన గుంత రెండు వానాకాలాలు చూసింది. 2 అంగుళాలు లేపినా బండి అడుగు భాగం తగులుతోంది. దాని లోతుకూ టేపు పెట్టి ఫొటో దిగుతామంటే, పక్కన నవ్వడానికి నేనొస్తాను.

- ఆర్టీసీ రిటైర్డ్ మెకానిక్, హన్మకొండ