పదం పక్కన ఒక వాక్యం కూడా వేయండి

ఎడిటర్ గారికి,

మీ చదువుల పేజీలో రోజూ వచ్చే ఇంగ్లిష్ పదాలను మా కడపలో చాలామంది పిల్లలు కత్తిరించి నోటుబుక్కుల్లో అంటించుకుంటున్నారు, నేను సాయంత్రం పూట బ్యాంకు పరీక్షలకు ఇంగ్లిష్ చెబుతాను కాబట్టి ఆ పుస్తకాలు చూస్తూనే ఉంటాను. పని మంచిదే. కానీ మీరు పదం వేసి, ఎదురుగా ఒక్క తెలుగు మాట పెట్టి వదిలేస్తున్నారు, తంటా అంతా అక్కడే.

మిటిగేట్ అంటే తగ్గించు అని వేశారు. మరుసటి రోజే ఒకమ్మాయి 'ఐ వాంట్ టు మిటిగేట్ మై వెయిట్' అని రాసుకొచ్చింది. ఆ పిల్లనేమనాలి? మీరిచ్చిన అర్థం ప్రకారం కరెక్టే కదా! అదే 'నష్టం, ముప్పు, బాధ లాంటివాటి తీవ్రతను తగ్గించడం' అని వివరంగా చెప్పి, కింద 'డ్రిప్ ఇరిగేషన్ మిటిగేట్స్ ద ఇంపాక్ట్ ఆఫ్ డ్రాట్' అని ఒక వాక్యం వేసుంటే సరిపోయేది. డ్రిప్పూ కరువూ మనోళ్లకు ఒకరు చెప్పాల్సినవి కావు, ఆ మాట బరువుకి వాడరని, రిస్క్, డ్యామేజ్ లాంటివాటితోనే కలుస్తుందని వాళ్లకే తెలిసిపోతుంది.

పరీక్షల్లో అడిగేదీ అదే. పేరాలో ఖాళీలు పూరించే క్లోజ్ టెస్టు, వాక్యంలో తప్పు పట్టే ఎర్రర్ స్పాటింగ్, అన్నీ వాక్యాలే, పైగా తప్పు జవాబుకి పావు మార్కు కోత. విదేశాల్లో పై చదువులకు రాసే జీఆర్ఈ పరీక్ష వాళ్లు 2011లోనే ఆంటోనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీలు (పదాల జతల పోలికలు) ఎత్తేసి, వాక్యం చదివి పదం ఎంచుకునే ప్రశ్నలు పెట్టారు. మన కోచింగుల్లో మాత్రం ఇంకా లిస్టులు బట్టీ పట్టిస్తూనే ఉన్నారు (తోటి సార్లు నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి).

అయినా ఇది కడపకు కొత్త సంగతా? ఇక్కడ ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర తన తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువులో అర్థం చెప్పి ఊరుకోలేదు, ఆ మాట జనం నోట, కావ్యాల్లో ఎలా నడిచిందో కూడా చూపించాడు. ఆయన బంగళా ఉన్న చోటే కట్టిన ఎర్రముక్కపల్లి లైబ్రరీలో కూర్చుని మా పిల్లలు ఒట్టి అర్థాలు వల్లె వేస్తున్నారు.

రోజుకి మూడు పదాలు చాలు. తేలిక ఇంగ్లిష్‌లో నిర్వచనం, రెండు వాక్యాలు, 'ప్రోన్' అనే మాట పక్కన 'టు' వస్తుందని చెప్పడం లాంటి చిన్న సూచన. వాక్యాలు లండన్ మంచు మీద కాకుండా టమాటా ధర మీదో, ఆర్టీసీ బస్సు మీదో ఉంటే మేలు. ఆదివారం ఆ వారం పదాలతో ఖాళీలు పూరించే పేరా ఒకటి వేయండి, జవాబులు మాత్రం సోమవారం పేపర్లోనే ఇవ్వండి, అదే పేజీలో తలకిందులుగా వేస్తే మావాళ్లు ముందు పేపరే తిప్పుతారు.

– ఒక ఇంగ్లిష్ మాస్టారు, కడప