శివాలయం మండపం కప్పు: ఒక్కో చదరపు అడుగుకు ఒక్కో ఇల్లు

కాలనీలోని పెద్దలకు, అమ్మలకు, అక్కచెల్లెళ్లకు, ఉద్యోగాల మీద ఊరు దాటి వెళ్లినా ఈ గుడిని మరచిపోని మన పిల్లలకు ఆలయ కమిటీ నమస్కారాలు.

మన విజయవాడ సింగ్‌నగర్‌లో ఈ నెల ఏ వీధిలో చూసినా ఇసుక కుప్పలు, పరంజాలు కనిపిస్తున్నాయి. వానలు కాస్త తెరిపిచ్చాయి, దసరా దగ్గర పడుతోంది. చెమ్మ పట్టిన గోడలకు పూత వేయించేవారు, బూజు దులిపి రంగులు వేయించేవారు, మేడ మీద బీటలు పూడ్పించేవారు ఎవరి పనిలో వారు ఉన్నారు. ఆ ఖర్చు రాసుకునే కాగితంలోనే గుడి కోసం ఒక్క వరుస కలపమని అడగడానికే ఈ విన్నపం.

ముఖమండపం శ్లాబు కారుతోంది. ఇది కొత్త మాట కాదు, మీరూ చూస్తూనే ఉన్నారు. కానీ ఈ ఏడాది వానలకు సంగతి ముదిరింది. శ్రావణ సోమవారం నాడు లోపల ధారాపాత్ర నుంచి స్వామి మీద నీళ్లు పడుతుంటే, బయట నందీశ్వరుడి మూపురం మీద కప్పు నుంచి చుక్కలు పడ్డాయి. అర్చకస్వామి నందికి పట్టుబట్ట కప్పి, పక్కన ఇత్తడి బిందె పెట్టారు. అభిషేకం పూర్తయ్యేసరికి బిందె సగం నిండింది. ఆ వారమే ప్రదక్షిణ చేసే దారిలో అరచేయంత పెచ్చు ఊడి పడింది. అది తెల్లవారుజామున, ఎవరూ లేని వేళ కాబట్టి సరిపోయింది. అప్పటి నుంచి ఆ మూలకు తాడు కట్టి ఉంచాం.

తాపీమేస్త్రీని పైకి తీసుకెళ్లి చూపించాం. ఆయన చిన్న సుత్తితో శ్లాబు అడుగు భాగమంతా తట్టుకుంటూ వెళ్లారు. గట్టిగా ఉన్నచోట ఖంగుమంది, లోపలి ఇనుప చువ్వ తుప్పు పట్టినచోట డొల్లగా మోగింది. డొల్ల మోగినచోటల్లా సుద్దముక్కతో గీత గీశారు. కిందనుంచి తలెత్తితే ఆ గీతలు మీకూ కనిపిస్తాయి. మన ఊరి ఎండ సంగతి తెలిసిందే కదా, మే నెలంతా కాలిన శ్లాబు మీద ఒక్కసారిగా వాన పడితే సన్నగా నెర్రెలిస్తుంది. పిట్టగోడ మూల తూములో రావి ఆకులు అడ్డుపడి నీళ్లు రోజుల తరబడి నిలిచాయి. నెర్రెల్లోంచి దిగిన తడికి చువ్వలు తుప్పుపట్టాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును తోసేస్తుంది. పెచ్చులు ఊడేది అందుకే. పైన ఎన్ని పూతలు పూసినా, ఆ తుప్పు గీకకపోతే మళ్లీ రెండేళ్లకు ఇదే కథ. మూడేళ్ల కిందట చౌకలో అయిపోతుందని పైపూత వేయించి ఊరుకున్నాం. అది మా పొరపాటే.

ఆ కప్పు గురించి ఇంకొక మాట చెప్పాలి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మన వీధుల్లోకి వచ్చింది. ఆ మర్నాడే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటి, మునుపెన్నడూ చూడనంత ఎత్తున పారింది. కింది అంతస్తులన్నీ మునిగాయి. మేడ లేని ఇళ్లవాళ్లు పిల్లల్ని చంకనెత్తుకుని ఎక్కింది ఈ మండపం మీదికే. పగలు ఎండ, రాత్రి చీకటి, చుట్టూ బురదనీళ్లు. హెలికాప్టర్ వదిలిన పొట్లాలు కొన్ని ఈ శ్లాబు మీదే పడ్డాయి. పైకెక్కిన వాళ్లలో ఒక బాలింత ఉంది, పక్షవాతంతో మంచం పట్టిన తాత ఉన్నాడు. ఆ రోజుల్లో ఎవరు ఏ దేవుణ్ణి కొలుస్తారో ఎవరూ అడగలేదు. అంతమందిని మోసిన కప్పుకు ఇప్పుడు మన అవసరం వచ్చింది. ఆ రాత్రులు అక్కడ గడిపిన వాళ్లం కమిటీలోనూ ఉన్నాం, మాకిది మాటవరసకు రాస్తున్నది కాదు.

ఇక సమయం సంగతి. పోయినేడు అక్టోబరు 2కే విజయదశమి అయిపోయింది. ఈ ఏడాది అధిక జ్యేష్ఠం రావడంతో ఆ తర్వాతి పండుగలన్నీ ఆలస్యంగా వస్తున్నాయి, కార్తీకం నవంబరు రెండో వారంలో గాని మొదలుకాదు. మనకు దొరికిన వెసులుబాటు అంతే. ఆ తర్వాత బంగాళాఖాతాన్ని నమ్మలేం. పోయినేడు కార్తీకం మొదలై వారం తిరగకుండానే, అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటింది. ఆ వారంలో దీపాలు పెట్టడానికి వచ్చిన ఆడవాళ్లు మండపం లోపల కూడా గొడుగు పట్టుకుని వత్తులు వెలిగించారు. అది కళ్లారా చూశాక ఈసారి ఆగలేం.

పని రెండు విడతలుగా చేద్దామనుకున్నాం. వినాయక నిమజ్జనాలు కాగానే ఉత్తరం వైపు సగం మొదలుపెట్టి నవరాత్రుల కలశస్థాపనలోపు ముగించాలి. మహాలయ పక్షాలు మధ్యలో వస్తాయి కదా అని కొందరు అడిగారు. కొత్త కట్టడానికైతే ఆలోచించాలి గాని మరమ్మతుకు అడ్డులేదని అర్చకస్వామి చెప్పారు. గర్భగుడి మీది విమాన గోపురం జోలికి వెళ్లడం లేదు కాబట్టి, పని జరిగినన్నాళ్లు స్వామికి వేరేచోట తాత్కాలికంగా పూజలు జరిపే బాలాలయం అవసరం కూడా లేదు, నిత్యపూజలు యథావిధిగా జరుగుతాయి. దక్షిణం వైపు సగం దసరా వెళ్లాక, దీపావళి లోపల. డొల్లగా ఉన్నదంతా చెక్కి, చువ్వల తుప్పు గీకి, తుప్పు పట్టని పూత పూసి, మళ్లీ గట్టి మాలుతో పూడ్చాలి. పైన తూము వైపు వాలు సరిచేసి, నీరు దిగని పూత వేసి, చివరగా ఎండను తిప్పికొట్టే తెల్లరంగు.

మండపం కప్పు 1,200 చదరపు అడుగులు. కూలి, సామాను కలిపి మేస్త్రీ చెప్పిన లెక్క చదరపు అడుగుకు 225 రూపాయలు, అంటే మొత్తం 2,70,000 రూపాయలు. ధ్వజస్తంభానికి ఆకాశదీపం ఎత్తే కప్పీ తుప్పుపట్టి తాడు బిగుసుకుపోతోంది, దాని బాగు, వైరింగు హుండీ డబ్బుతోనే చేయిస్తున్నాం. వాటికి అడగడం లేదు. కప్పుకు మాత్రం మీరే దిక్కు. ఒక్క అడుగు ఇచ్చినా, పది అడుగులు ఇచ్చినా, నలుగురు కలిసి ఒక అడుగు పంచుకున్నా సంతోషమే. రోజు కూలికి వెళ్లే ఇళ్లవాళ్లు మొహమాటపడి అప్పు చేసి ఇవ్వవద్దని చేతులు జోడించి అడుగుతున్నాం. ఒక పూట ఇటుకముక్కలు మోసి పెట్టినా అది విరాళమే.

వస్తురూపంలో ఇచ్చేవారికి చిన్న మనవి. మీ ఇంటి పని అయ్యాక మిగిలిన పరంజా కర్రలు, తెల్లరంగు డబ్బాలు పనికొస్తాయి. విప్పిన సిమెంటు బస్తాలు మాత్రం వద్దు. గాలి తగిలి గడ్డకట్టిన సిమెంటు దేవుడి కప్పుకు వాడలేం. మీ మేస్త్రీ ఒక్కరోజు గుడికి రాగలడేమో అడిగి చూడండి, తాపీపని తెలిసిన చేతులే ఇప్పుడు దొరకడం లేదు.

విరాళం ఇచ్చిన ప్రతివారూ రసీదు అడిగి తీసుకోండి. మన గుడికి పన్ను మినహాయింపు ధ్రువపత్రం లేదు, ఆ సంగతి ముందే చెప్పడం ధర్మం. వచ్చిన ప్రతి రూపాయి, కొన్న ప్రతి బస్తా బిల్లు నోటీసు బోర్డు మీద వారం వారం అంటిస్తాం. పేరు చెక్కిన రాతిపలక వేయించమని ఇద్దరు ముగ్గురు సూచించారు. ఆ పలకకయ్యే డబ్బుతో ఇంకొన్ని అడుగుల కప్పు పూర్తవుతుందని వద్దనుకున్నాం. ఇచ్చినవారి గోత్రనామాలు మాత్రం కార్తీక సోమవారాల అభిషేకంలో చదువుతారు.

వచ్చే సోమవారం సాయంత్రం దీపారాధన అయ్యాక మేస్త్రీ మండపం మీదే ఉంటారు. వీలున్నవారు మెట్లెక్కి వచ్చి శ్లాబు చూడండి, అడగదలచుకున్నది ఆయన్నే అడగండి. పైన పిట్టగోడ తక్కువ ఎత్తు, పిల్లల చెయ్యి వదలకండి.

ఇట్లు,
ఆలయ కమిటీ