నాన్నగారికి, తుపాకీ సంగతి

నాన్నగారికి నమస్కారాలు.

మేమంతా క్షేమం. మొన్న ఫోనులో అమ్మ పక్కనే ఉందని మీరడిగినదానికి పొడిపొడిగా జవాబు చెప్పాను. అవును, తుపాకీ కొన్నాను. ఉద్యోగమంతా ఆర్మ్‌డ్ రిజర్వులో చేసినవారు మీరు. ఏది కొన్నానో, ఎందుకు కొన్నానో మీకు వివరంగా చెప్పాలి.

గ్రీన్‌కార్డు వచ్చాక టెక్సస్‌లో మేం తీసుకున్న పెట్రోలు బంకు వేకో ఊరికి బాగా దూరం. చుట్టూ మొక్కజొన్న చేలు. రాత్రి కొట్టు కట్టేసి డబ్బు సంచీతో కారు దాకా నడిచేది ఎక్కువగా నేనే. ఏదన్నా జరిగి ఫోను చేస్తే షెరీఫ్ మనుషులు, అంటే ఇక్కడి పోలీసులు, రావడానికి అరగంట పడుతుంది. మీ అల్లుడూ నేనూ చాలా మాట్లాడుకున్నాకే ఈ నిర్ణయానికొచ్చాం.

ఒక మాట మనవాళ్ళందరికీ చెప్పండి. హెచ్1బి, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. ఆ సంగతి తెలియక కొందరు పిల్లలు సరదాకి తుపాకీ పట్టుకుని ఫోటోలు దిగుతుంటే నాకు భయమేస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు కొనుక్కోవచ్చు. మనదగ్గర ఆయుధాల లైసెన్సు ఫైలు ఎన్ని బల్లలు దాటాలో మీకు తెలుసు. ఇక్కడ దుకాణంలోనే ఫారం నింపితే, ఎఫ్‌బీఐ రికార్డులు చూసి సరేనన్నాక చేతికిస్తారు.

దుకాణంలో నన్ను చూడగానే అతను గులాబీ రంగు పిడి ఉన్న బుల్లి .380 బోరు పిస్టల్ తీసి బల్ల మీద పెట్టాడు. ఆడవాళ్ళకి ఇదే బాగుంటుందన్నాడు. 2014లో కాన్పూరు ఆర్డ్నెన్సు ఫ్యాక్టరీ వాళ్ళు 'నిర్భీక్' అని ఆడవాళ్ళ కోసం రివాల్వర్ తెచ్చినప్పుడు మీరు పేపరు చదువుతూ అన్నది నాకింకా గుర్తుంది. అరకిలో బరువు, .32 బోరు, రూ.1.22 లక్షలు. "ఆడవాళ్ళ రివాల్వరని వేరే ఏముంటుంది? చేతికి సరిపోవాలి గాని" అన్నారు. ఎంత నిజమో ఇక్కడ తెలిసింది. తుపాకీ ఎంత తేలికైతే అంత గట్టిగా వెనక్కి తన్నుతుంది. మీ .303 రైఫిల్ బరువు మీద ఆ తన్ను కొంత చచ్చేది. జేబులో పట్టే పిస్టల్‌కి ఆ బరువెక్కడిది? పైగా పిడి పొట్టిగా ఉంటే చిటికెన వేలుకి చోటుండదు. కాల్పులు సాధన చేసే రేంజిలో అద్దెకి తీసుకుని కాల్చి చూస్తే రెండో రౌండుకే నా గురి చెదిరిపోయింది.

తర్వాత స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వర్ చూశాను. తూటాని పేల్చే సుత్తి (హ్యామర్) లోపలే ఉంటుంది కాబట్టి బట్టలకి తగులుకోదు. అయిదే రౌండ్లు. కానీ ట్రిగ్గర్ చాలా బిగువు, చివరి రౌండుకి వేలు వణికింది. ఆటోమేటిక్ పిస్టళ్ళలో స్లైడు, అంటే వెనక్కి జరిగే పైభాగం, లాగడం ఆడవాళ్ళవల్ల కాదని చాలామంది అంటారు. బలం కంటే పద్ధతి ముఖ్యమని నాకు నేర్పిన ఆవిడ చూపించారు. పిస్టల్‌ని గుండెకి దగ్గరగా తెచ్చి, స్లైడుని అరచేత్తో గట్టిగా పట్టి, పిడిని ముందుకి తోయాలి. కీళ్ళ నొప్పులున్నవాళ్ళకి మెత్తటి స్ప్రింగుతో షీల్డ్ ఈజెడ్ అనే మోడల్ ఉంది. నాకు దాని అవసరం పడలేదు.

చివరికి గ్లాక్ 43ఎక్స్, 9 ఎంఎం తీసుకున్నాను. సన్నగా ఉంటుంది, మేగజీన్‌లో పది రౌండ్లు, అన్ని వేళ్ళూ పిడి మీద కుదురుతాయి, నిండా రౌండ్లు వేసినా ముప్పాతిక కిలో లోపే. మీకు నచ్చనిది ఒకటుంది. విడిగా సేఫ్టీ మీట లేదు. ట్రిగ్గర్ మీద వేలు పడి నొక్కితే పేలుతుంది. అందుకే పిస్టల్ కంటే దాన్ని పెట్టుకునే ఒర, హోల్‌స్టర్, వెతకడానికే ఎక్కువ కష్టపడ్డాను.

ట్రిగ్గర్ చుట్టూ ఉన్న భాగమంతా గట్టిగా కప్పుకుని ఉండాలి. వంగినా, పరిగెత్తినా పిస్టల్ జారకూడదు. ఒంటిచేత్తో మళ్ళీ పెట్టేటప్పుడు హోల్‌స్టర్ నోరు ముడుచుకుపోకూడదు. మెత్తటి గుడ్డ పట్టీలు హాయిగా ఉంటాయి, కానీ వాటిలో కొన్నిటి మీదనుంచి ట్రిగ్గర్‌ని నొక్కొచ్చు. అలాంటివి నేను ముట్టుకోలేదు. కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్‌తో, ఆ మోడల్ కొలతకే చేసినది తీసుకున్నాను.

మగవాళ్ళు నడుముకి కుడిపక్క పెట్టుకునేది మనకి సరిపోదు. తుంటి వెడల్పు, మొండెం పొట్టి కాబట్టి పిడి పక్కటెముకల్లో పొడుచుకుంటుంది, చొక్కా మీదనుంచి ఉబ్బెత్తుగా కనబడుతుంది. ఇక బెల్టు సంగతి. నేను వేసుకునే లెగ్గింగ్సుకీ చుడీదారుకీ బెల్టెక్కడిది? ఫిల్‌స్టర్ వాళ్ళ ఎనిగ్మా అని ఒకటుంది. దాని పట్టీ దానికే ఉంటుంది, బట్టల లోపల నడుముకి కట్టుకోవచ్చు. పొట్టకి ముందువైపు, కాస్త పక్కకి పెట్టుకుంటున్నాను. పైన వదులు చొక్కా. పొడుగు కుర్తీ అంచు పైకి లాగేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది కాబట్టి డ్యూటీ రోజుల్లో అవి మానేశాను. చీర కట్టిన రోజు తుపాకీ ఇంట్లోనే.

హ్యాండ్‌బ్యాగులో మాత్రం ఎప్పటికీ పెట్టను. తుపాకీకి ప్రత్యేకం జిప్పుతో అరలున్న బ్యాగులు ఇక్కడ అమ్ముతారు. 2014 డిసెంబరు 30న ఐడహో రాష్ట్రం హేడెన్‌లో, దుకాణంలో తల్లి పక్కనే సామాన్ల తోపుడు బండిలో కూర్చున్న రెండేళ్ళ పిల్లాడు అలాంటి బ్యాగులోంచే పిస్టల్ తీశాడు. అది పేలి తల్లి అక్కడే పోయింది. చదువుకున్న మనిషి, తుపాకులు అలవాటున్న మనిషి. మన చిన్నోడికి నాలుగేళ్ళు. ఆ తల్లి గుర్తుకొచ్చినప్పుడల్లా నా కడుపు తరుక్కుపోతుంది.

అందుకే పిస్టల్ ఉంటే నా ఒంటి మీద, లేకపోతే గోడకి బిగించిన కోడ్ పెట్టెలో. మధ్యలో ఎక్కడా ఆగదు. పదిహేడేళ్ళలోపు పిల్లలకి అందేలా తుపాకీ వదిలేస్తే టెక్సస్‌లో కేసు పెడతారు. కేసు సంగతలా ఉంచండి, వాడు మా ప్రాణం.

2021 సెప్టెంబరు నుంచి ఈ రాష్ట్రంలో 21 ఏళ్ళు దాటినవాళ్ళు చాలామందికి లైసెన్సు లేకుండానే దగ్గర పెట్టుకునే వీలుంది. అయినా నేను పరీక్ష రాసి, రేంజిలో కాల్చి లైసెన్సు తీసుకున్నాను. 3, 7, 15 గజాల నుంచి 50 రౌండ్లు, 250కి 175 వస్తే పాస్. చట్టం బలవంతం చేయలేదని నేర్చుకోకుండా ఊరుకోవడం నాకు నచ్చలేదు. బడులకీ, మద్యం అమ్మకమే ముఖ్యమైన బార్లకీ తీసుకెళ్ళకూడదు. లైసెన్సున్నా దాచుకున్న తుపాకీ తేకూడదని, 30.06 అనే చట్టం సెక్షను పేరుతో బోర్డు పెట్టిన చోటికి కూడా.

అమ్మకి పెట్టె సంగతి చెప్పండి, ఐడహో సంగతి చెప్పకండి. డబ్బు సంచీ అడిగితే ఇచ్చేస్తాను, దాని కోసం తుపాకీ తీయను అని కూడా చెప్పండి. అది మా ఇద్దరి ఒప్పందం.

రౌండ్లు వేరే గదిలో పెట్టి, ఖాళీ పిస్టల్‌తో ఇంట్లో సాధన చేస్తున్నాను. తీయడం బాగానే వచ్చింది. గురి చూసి ట్రిగ్గర్ నొక్కేటప్పుడు చివర్లో ఊపిరి బిగబట్టేస్తున్నాను. మీ ఫైరింగుల్లో కొత్తవాళ్ళకి ఇది ఎలా మాన్పించేవారో వెంటనే రాయండి.

మీ కూతురు