పల్సార్ల లెక్క మధ్యలో తెగనివ్వకండి: శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

రేడియో టెలిస్కోపుల మీద సమయం, నిధులు రెండు మూడేళ్లకోసారి మళ్లీ అడిగి తెచ్చుకునే పద్ధతి చాలా పరిశోధనలకు సరిపోతుంది. పల్సార్లతో గురుత్వ తరంగాలను పట్టే పనికి మాత్రం సరిపోదు. పల్సార్లంటే వేగంగా తిరుగుతూ గడియారంలా క్రమం తప్పకుండా రేడియో స్పందనలు పంపే మృత నక్షత్రాలు. గురుత్వ తరంగం, అంటే దేశకాలంలో లేచే అల, దాటిపోతే ఆ స్పందనలు కాస్త ముందుగానో ఆలస్యంగానో మనకు చేరతాయి.

కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలాలు జంటగా తిరుగుతుంటే పుట్టే తరంగం ఒక్కసారి లేచి పడడానికే ఏళ్లు పడుతుంది. 2023 జూన్‌లో ఉత్తర అమెరికా పరిశోధకుల నానోగ్రావ్ బృందం ఇలాంటి తరంగాలకు చూపిన ఆధారం 67 పల్సార్ల మీద 15 ఏళ్లు రాసుకున్న లెక్కల్లోంచి వచ్చింది. 15 ఏళ్ల డేటాలో అందే అతి తక్కువ పౌనఃపున్యం సుమారు 2 నానోహెర్ట్జ్, అంటే పదిహేనేళ్లకు ఒక్క అల. అంతకంటే కిందికి దిగాలంటే ఇంకా ఏళ్లు గడవాల్సిందే. ఎంత పెద్ద డిష్ కట్టినా ఆ ఏళ్లు కొనలేం.

జే1909-3744 అనే పల్సార్ 2.95 మిల్లీసెకన్లకోసారి తిరుగుతుంది. అరగంట వింటే ఆరు లక్షల పైచిలుకు స్పందనలు. ఒక్కోదాని ఆకారం ఒక్కోలా ఉంటుంది కాబట్టి అన్నింటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీసి, నమూనాతో పోల్చి, అది చేరిన క్షణాన్ని లెక్కగడతాం. అనుకున్న క్షణానికీ చేరిన క్షణానికీ మధ్య మేం వెతికే తేడా వంద నానోసెకన్ల (సెకనులో కోటో వంతు) స్థాయిది.

దాన్ని మింగేసేవి చాలా ఉన్నాయి. దారిలో ఉన్న ఎలక్ట్రాన్లు రేడియో తరంగాన్ని ఆలస్యం చేస్తాయి. దారి పొడవునా ఉన్న ఆ ఎలక్ట్రాన్ల మొత్తాన్ని కొలిచే ప్రమాణంలో (ఘన సెంటీమీటరుకు ఒక ఎలక్ట్రాన్ చొప్పున ఒక పార్సెక్ దూరం, అంటే సుమారు 3.26 కాంతి సంవత్సరాలు) పదివేలవ వంతు తప్పినా 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర 200 నానోసెకన్లు తేడా వస్తుంది. 400 మెగాహెర్ట్జ్ దగ్గర అదే తప్పు 2,600 నానోసెకన్లై స్పష్టంగా బయటపడుతుంది. అందుకే ఒకే రోజు రెండు బ్యాండ్లలో వినాలి. మహారాష్ట్రలోని ఖొడద్‌లో ఉన్న జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు చేసేది అదే: కొన్ని డిష్‌లు 300-500 మెగాహెర్ట్జ్‌లో, మరికొన్ని 1260-1460లో. కింది బ్యాండులో కొత్త ప్రసారాలకు అనుమతి ఇచ్చే ముందు దయచేసి టెలిస్కోపు వాళ్లను అడగండి.

మమ్మల్ని అన్నిటికన్నా కలవరపెట్టేది పరికరాల మార్పు. పాత రిసీవరు తీసి కొత్తది పెడితే కేబుళ్ల, ఫిల్టర్ల ఆలస్యం మారి డేటాలో ఒక మెట్టు ఏర్పడుతుంది. ఆ మెట్టు ఎత్తు తెలియకపోతే దాన్ని అంచనా వేసి సరిదిద్దాలి. ఆ సరిదిద్దడంలోనే మేం వెతుకుతున్న నెమ్మదైన తరంగంలో కొంత భాగం కొట్టుకుపోతుంది. కొత్తది మెరుగైనదైనా సరే, నష్టం నష్టమే. పాతదీ కొత్తదీ కొన్ని నెలలు పక్కపక్కనే నడిపి ఒకే పల్సార్‌ను ఒకేసారి వింటే మెట్టు ఎత్తు నేరుగా తెలిసిపోతుంది. మార్పిడి బడ్జెట్‌లో ఆ నెలల ఖర్చు కూడా కలపాలి.

భూమ్మీది గడియారం తప్పితే పల్సార్లన్నీ ఒకేలా జరుగుతాయి. గురుత్వ తరంగమైతే ఆకాశంలో రెండు పల్సార్ల మధ్య కోణాన్ని బట్టి వాటి తేడాల మధ్య పొంతన మారుతుంది. 1983లో హెలింగ్స్, డౌన్స్ అనే శాస్త్రవేత్తలు గీసిన వక్రరేఖ అదే. ఈ పొంతనను పల్సార్ల జంటల్లోనే కొలవాలి. 25 పల్సార్లుంటే 300 జంటలు, 50 ఉంటే 1,225. అందుకే పల్సార్లను తగ్గించి సమయం ఆదా చేద్దామన్న సలహాను ఒప్పుకోవద్దు.

మా విన్నపం: కనీసం పదేళ్లకు ముందే ఖాయం చేసిన సమయం, రెండు మూడు వారాలకోసారి తప్పకుండా పరిశీలన, పాత రిసీవరు విప్పే ముందు జంటగా నడిపే గడువు.

ఇట్లు,
పల్సార్ల సమయాన్ని లెక్కించే రేడియో ఖగోళ పరిశోధకులు