ప్రాజెక్టు ల్యాబుల్లో ఒక్కసారి కంపైల్ చేస్తే చాలు

సంపాదకుల వారికి,

నెల్లూరు, ఒంగోలు ఇంజినీరింగ్ కాలేజీల్లో చివరి ఏడాది పిల్లలు ముఖం గుర్తుపట్టి హాజరు వేసే ప్రాజెక్టు ఎంచుకుంటే, మొదటి అడ్డంకి ముఖాలు గుర్తుపట్టడానికి వాడే డీలిబ్ అనే పైథాన్ ప్యాకేజీయే. విండోస్‌లో పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు దించి వేసే టూల్) ఇన్‌స్టాల్ చేయబోతే సీమేక్ (కంపైల్‌కు ఏర్పాట్లు చేసే టూల్) లేదనో, విజువల్ స్టూడియో లేదనో తెరనిండా ఎర్రక్షరాలు. వేరే ప్యాకేజీలైతే 'మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ 14.0 కావాలి' అంటాయి. అది చూసి చాలామంది విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ వేసుకుంటారు. అందులో కంపైలర్ (సోర్సు కోడ్‌ను కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చే ప్రోగ్రాము) ఉండదు, తయారైన ప్రోగ్రాములు నడవడానికి కావలసిన ఫైళ్లే ఉంటాయి. సీ క్లాసు కోసం వేసిన డెవ్-సీ++ కూడా ఇక్కడ అక్కరకు రాదు. విండోస్ పైథాన్‌ను మైక్రోసాఫ్ట్ కంపైలర్‌తో కట్టారు, దానితోనే పోవాలి.

అసలు కంపైల్ అవసరమా అన్నది ముందు చూడాలి. పిప్ మొదట మన పైథాన్ వెర్షన్‌కు, 32 బిట్టా 64 బిట్టా అన్నదానికి సరిపడే వీల్ ఫైలు (ముందే తయారుచేసి పెట్టిన ప్యాకేజీ) వెతుకుతుంది. దొరకకపోతేనే సోర్సు దించి కంపైల్‌కు దిగుతుంది. ఏటా అక్టోబరులో వచ్చే కొత్త పైథాన్‌కు చాలా ప్యాకేజీల వీల్స్ ఆలస్యంగా వస్తాయి. కాబట్టి ఒకట్రెండు వెర్షన్లు వెనక ఉండడమే మేలు. 32 బిట్ పైథాన్ జోలికి పోవద్దు.

డీలిబ్‌కు మాత్రం పైపీఐలో (పిప్ ప్యాకేజీలు దించుకునే సైట్) విండోస్ వీల్ లేదు, కంపైల్ తప్పదు. మైక్రోసాఫ్ట్ కంపైలర్ కోసం విజువల్ స్టూడియో బిల్డ్ టూల్స్‌లో 'డెస్క్‌టాప్ డెవలప్‌మెంట్ విత్ సీ++' టిక్ పెట్టాలి. డిస్కులో కొన్ని జీబీల ఖాళీ కావాలి. సీమేక్ వేసేటప్పుడు పాత్‌లో (విండోస్ ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల జాబితా) చేర్చాలి, ఆ తర్వాత కమాండ్ ప్రాంప్ట్ మూసి మళ్లీ తెరవాలి.

ఈ శ్రమ ప్రతి సిస్టమ్‌లో పడనక్కర్లేదు. ఒక్కచోట 'పిప్ వీల్ డీలిబ్' కొడితే వీల్ ఫైలు తయారవుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని అదే పైథాన్ వెర్షన్ ఉన్న మిగతా సిస్టమ్‌లన్నిటిలో క్షణాల్లో ఇన్‌స్టాల్ చేయొచ్చు. అక్కడ కంపైలర్ అక్కర్లేదు, ఇందాకటి రీడిస్ట్రిబ్యూటబుల్ ఉంటే చాలు. ఒక్క జాగ్రత్త: ల్యాబులో అన్నిటికన్నా పాత సిస్టమ్‌లోనే కంపైల్ చేయండి. ప్రాసెసర్‌లో ఏవీఎక్స్ (లెక్కలు వేగంగా చేసే ఆదేశాలు) ఉంటే డీలిబ్ దాన్ని వాడుకునేలా తయారవుతుంది, అలాంటి వీల్ ఏవీఎక్స్ లేని పాత సిస్టమ్‌లో నడవదు.

ఇంకో చిక్కు. పైథాన్ 3.12 నుంచి కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (ఒక్కో ప్రాజెక్టుకు విడిగా పెట్టుకునే పైథాన్ ఫోల్డర్) సెటప్‌టూల్స్ అనే ప్యాకేజీ దానంతట అది రాదు. అది లేకపోతే, డీలిబ్ మీద నడిచే ఫేస్ రికగ్నిషన్ ప్యాకేజీ తన మోడల్స్ వేసి ఉన్నా 'వేయండి' అనే అడుగుతుంది. 81 కంటే తక్కువ వెర్షన్ సెటప్‌టూల్స్ వేస్తే ఆ గొడవ తీరుతుంది.

కాలేజీలు పైథాన్ వెర్షన్ నంబరును ల్యాబ్ మాన్యువల్‌లో అచ్చు వేయించి, ఈ వీల్స్ ఫోల్డర్‌ను ల్యాబ్ సర్వర్‌లో పెట్టాలని మనవి. అప్పుడు పిల్లలు ఇన్‌స్టాలేషన్ కోసం బయట డబ్బు కట్టే పని ఉండదు.

— ఒక పాఠకుడు, కావలి, నెల్లూరు జిల్లా