నన్ను ఒడ్డుకి చేర్చిన ముగ్గురికి

మొన్న జనవరిలో ఓ ఆదివారం పొద్దున్న రుషికొండ దగ్గర తెరచాప పడవ బోల్తా కొట్టి, ముప్పావు గంట నీళ్ళల్లో ఉండి, చివరికి జోడుగుళ్లపాలెం వాళ్ళ ఫైబర్ బోటులో ఒడ్డుకొచ్చిన మనిషిని నేనే. ఎవరో వీడియో తీశారట, అందులో నారింజ రంగు జాకెట్‌లో తడిసిన మూటలా కూర్చున్నది నేనేనని మా ఆఫీసులో ఇప్పటికే కనిపెట్టేశారు కాబట్టి ఇక దాచేదేం లేదు. ఇన్నాళ్ళూ సిగ్గేసి రాయలేదు. కానీ ముగ్గురికి పదిమందిలో దణ్ణం పెట్టాలి. ముగ్గురూ పేర్లు రాయొద్దన్నారు, అందుకే సార్, అక్క, తాత అనే రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది పెదవాల్తేరులో. నలభై మూడేళ్ళొచ్చినా సముద్రంలో మోకాళ్ళు దాటి దిగింది లేదు, ఆర్‌కే బీచ్‌లో కెరటం లోపలికి లాక్కుపోతుందని ఇంట్లో భయపెట్టి పెంచారు, ఆ భయం నిజమైనదే కూడా. మా అమ్మాయి ఆప్టిమిస్ట్ నేర్చుకుంటుంటే (పిల్లల పడవ, ఎనిమిది అడుగుల లోపే ఉంటుంది, చూడ్డానికి స్నానాల తొట్టిలా ఉంటుంది) ఒడ్డున గొడుగేసుకుని కూర్చునేదాన్ని. ఓసారి అక్కడ ఎవరో ఐఎన్ఎస్‌వీ తారిణి సంగతి ఎత్తారు. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి భూగోళం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చిన ఆరుగురు నేవీ అమ్మాయిల్లో స్వాతి మన విశాఖ పిల్లే కదా అని. ఆవిడ ప్రపంచం చుట్టొచ్చింది, నేను కనీసం గొడుగు మూసి లేవలేనా అనిపించింది. అలా మొదలైంది.

అక్కడ పడవ నేర్పే సార్ నేవీలో చేసి రిటైరైన మనిషి. మొదటి మాటే "యాభై మీటర్లు ఈదితేనే పడవ ఎక్కనిస్తాను మేడమ్" అన్నారు. ఆ ఈతకే రెండు నెలలు పట్టింది. తర్వాత లైఫ్ జాకెట్. బకిల్స్ పెట్టుకుని నిలబడితే వెనకనుంచి వచ్చి రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగారు, జాకెట్ నా చెవుల దాకా వచ్చేసింది. "నీళ్ళల్లో పడ్డాక ఇదే మీ మొహానికి అడ్డం పడుతుంది" అని చిన్న సైజు ఇప్పించారు. లావుగా ఉన్నాను కదా, వదులుగా ఉంటే హాయి అనుకున్నాను. ఫోమ్ జాకెట్ ఒంటిని పట్టి ఉండాలి, ఊపిరి మాత్రం ఆడాలి, అంతే.

పేర్ల గందరగోళం వేరే. తెరచాపని లాగే తాడుని షీట్ అంటారు. షీట్ అంటే గుడ్డ అనుకుని వారం రోజులు తప్పుదాన్ని లాగాను. గాలికి సూటిగా ఎదురెళ్ళడం ఏ తెరచాప పడవకీ కుదరదనీ, అటూ ఇటూ దాదాపు 45 డిగ్రీల మేర చోటు వదిలేసి, కాసేపు ఎడమకి కాసేపు కుడికి మెలికలు తిరుగుతూ వెళ్ళాలనీ, దాన్నే ట్యాకింగ్ అంటారనీ తెలిసింది. గాలి వెనకనుంచి ఉన్నప్పుడు తిప్పితే అది జైబ్. అప్పుడు తెరచాప అడుగున ఉండే బూమ్ కర్ర ఒక్కసారిగా ఈ పక్కనుంచి ఆ పక్కకి కొడుతుంది. తల వంచాలి. నేను ఒకసారి వంచలేదు, పది రోజులు నుదుటి మీద బొప్పి.

అన్నిటికంటే ఎక్కువ చేయించింది మాత్రం పడవని కావాలని బోల్తా కొట్టించడం. లోతు లేని చోట, ఆయన పక్కనుండగా, కనీసం ఇరవైసార్లు. పడగానే షీట్ వదిలెయ్యి, పడవని పట్టుకో, ఈదుకుంటూ చుట్టూ తిరిగి అడుగు వైపుకి రా, అక్కడ పొడుచుకొచ్చిన డాగర్‌బోర్డు (పడవ అడుగునుంచి నీళ్ళల్లోకి దిగే పలక) పట్టుకుని బరువు వెయ్యి, కుదిరితే ఎక్కి నిలబడి వెనక్కి వాలు. తెరచాపలో నీళ్ళు జారిపోతూ నెమ్మదిగా లేస్తుంది, తొందరపెట్టకు. లేవకపోతే? "లేవకపోతే దాన్నే పట్టుకుని ఉండండి. ఒడ్డు ఎంత దగ్గరగా కనిపించినా పడవని వదలొద్దు." ఈ మాట ఎన్నిసార్లు అన్నారంటే మా అమ్మాయి ఇంట్లో ఆయన గొంతుతో అనుకరించేది.

ఇక ఆ ఆదివారం. తప్పంతా నాదే, ముందే చెప్పేస్తాను. రెస్క్యూ బోటు ఇంజను స్టార్ట్ కావట్లేదు, అది సర్దేదాకా ఎవరూ వెళ్ళొద్దన్నారు. సార్ ఊళ్ళో లేరు. నీలాకాశం, ఒడ్డున నీళ్ళు చెరువులా నున్నగా ఉన్నాయి. పోర్టులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేస్తేనే సముద్రం బాగోలేదని లెక్క అనుకునే విశాఖ బుర్ర నాది. పావుగంటేగా అనుకుని 14 అడుగుల లేజర్ (ఒక్కరే నడిపే తెరచాప పడవ) తోసుకుని వెళ్ళిపోయాను. పోతూ పోతూ ఇడ్లీ బండి అక్కతో "తొమ్మిదింటికొచ్చి తింటా, రెండు ప్లేట్లు ఉంచు" అన్నాను. అది జాగ్రత్తతో అన్నది కాదు, ఆకలితో అన్నది.

గాలి పడమటి నుంచి వస్తోంది, అంటే కొండల వైపునుంచి సముద్రంలోకి. గాలి నేలమీదనుంచి వస్తే ఒడ్డు పక్కన కెరటం లేవదు, లేవడానికి దానికి దూరం చాలదు, అందుకే అంత నున్నగా ఉంది. అర కిలోమీటరు లోపలికి వెళ్ళేసరికి తెల్లటి నురగలు. చేతులు లాగుతున్నాయని షీట్‌ని అరచేతికి రెండు చుట్లు చుట్టుకున్నాను, చుట్టొద్దని ఎన్నిసార్లు చెప్పించుకున్నానో. పెద్ద విసురు వచ్చింది. వదిలెయ్యాల్సిన తాడు చేతికే ఉంది. పడవ ఒరిగింది, నేను నీళ్ళల్లో ఉన్నాను.

మొదటిసారి లేపగలిగాను. షీట్ ఎక్కడో ఇరుక్కుని ఉందని చూసుకోలేదు, తెరచాప వెంటనే గాలి పట్టి మళ్ళీ పడేసింది. రెండోసారి పూర్తిగా తల్లకిందులు, మాస్ట్ (తెరచాప నిలబెట్టే స్తంభం) కిందకి. ఇక బలం లేదు. పడవ పొట్ట మీద బోర్లా పడుకుని డాగర్‌బోర్డు పట్టుకున్నాను. ఒడ్డున హోటళ్ళ కిటికీలు కూడా కనిపిస్తున్నాయి, ఈదేద్దామా అని గట్టిగానే అనిపించింది. ఆ గాలికి యాభై మీటర్ల ఈతగత్తెని ఎక్కడ తేలేదాన్నో. మా అమ్మాయి అనుకరించే గొంతు చెవిలో మోగింది, వదల్లేదు. జాకెట్‌కి కట్టిన విజిల్ ఊదాను, రెండు చేతులూ పక్కలకి చాపి మెల్లగా పైకీ కిందకీ ఊపడం నేర్పారు (మామూలుగా చెయ్యూపితే టాటా అనుకుంటారు), మధ్యమధ్యలో ఒక చెయ్యి వదిలి అదీ సగం సగం చేశాను. ఫోను ఎక్కడుంది? ఒడ్డున, బ్యాగులో, వాటర్‌ప్రూఫ్ పౌచ్‌లో భద్రంగా.

అక్కడ అక్క ఇడ్లీలు మూతపెట్టి సముద్రం కేసి చూసిందట. "ఆయమ్మ తెరసాప అగపడ్డం నేదు" అని చట్నీ గరిటె చేత్తోనే పరిగెత్తి, వేటనుంచి అప్పుడే వచ్చి వలలో చేపలు తీసుకుంటున్న తాతని లేపింది. ఆయనా, ఆయన మనవడూ చేపలు అలాగే వదిలేసి బోటు తోశారు. దగ్గరికి రాగానే తాత ఇంజను ఆపేశాడు, ఫ్యాను కాలికి తగలకుండా. తాడు విసిరి, నన్ను పక్కనుంచి ఎక్కించి, మనవడు దూకి పడవని తిరగేసి వెనక కట్టుకున్నాడు. వణుకుతున్న నాకు తాత తన తువ్వాలు కప్పి ఒక్కటే అన్నాడు: "ఒడ్డున నున్నగుందని ఎల్లిపోనావా తల్లీ? ఎనకనుంచి తోసే గాల్లో పోడం సులువే. రావడవే కష్టం."

పెట్రోలుకి డబ్బులు ఇవ్వబోతే గంగమ్మ ముందు డబ్బులు తియ్యకమ్మా అన్నాడు. అక్క కూడా ఇడ్లీలకి తీసుకోలేదు. సార్ తిరిగొచ్చాక తిట్టలేదు, నెలరోజులు నన్ను ఒడ్డునే కూర్చోబెట్టి పొద్దున్నే ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ) వాళ్ళ గాలి, కెరటాల సూచన చదివి వినిపించమన్నారు. తిట్టినా బాగుండేది.

కోస్ట్‌గార్డ్ నంబరు 1554 అని అట్టముక్క మీద రాసి అక్క బండికి కట్టాను, నూనె మరకలు పడితే మళ్ళీ రాస్తాను. ఫోను ఇప్పుడు జాకెట్‌కే కట్టి ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం, తాత బోటు ఒడ్డునే ఉంటుంది, అంటే నాలాంటి వాళ్ళని తీసుకురావడానికి దారిలో వేట పడవలూ ఉండవు. ఆ రెండు నెలలూ ఒంటరిగా వెళ్ళనని సార్‌కి మాటిచ్చాను. తాత మాత్రం ఆ రోజుల్లో సాయంత్రాలు ఖాళీగానే ఉంటాను, గాలి ఎటు తిరుగుద్దో కూకుని సూద్దాం రా అన్నాడు. టీ నా ఖర్చు. దానికి మాత్రం ఒప్పుకున్నాడు.